ఫ్యామిలీ రూము కలదు

హైదరాబాదులో ఏ పెద్ద రోడ్డు మీద నడిచినా ఒక బోర్డు కనబడుతుంది. "బార్ అండ్ ఫ్యామిలీ రెస్టారెంట్" అని. నాకు మొదటినుంచీ ఆ మధ్యనున్న "ఫ్యామిలీ" మీదే కన్ను. బారుకు వెళ్లే మగమహారాజు ఫ్యామిలీని ఇంట్లో వదిలేసి కదుటండీ వెళ్లేది! మనవాళ్ల భాషలో ఫ్యామిలీ అంటే సంసారం అని కాదు, భార్య అని అర్థం. "ఫ్యామిలీని పుట్టింటికి పంపించానండీ" అంటారు చూశారూ, ఆ ఫ్యామిలీ.

అంటే ఆ బోర్డువాడు మనల్నే పిలుస్తున్నాడన్నమాట. మనం వెళితే వాడికేమిటి లాభం? మనమేమన్నా గ్లాసుల మీద గ్లాసులు ఖాళీ చేస్తామా, పాడా? ఈ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్లుగా కనబడ్డ పుస్తకమల్లా తిరగేశాను. తీరా చూస్తే, హోటళ్లవాళ్లు గిరాకీ కోసం పన్నిన ఉపాయాల చరిత్రలో సగానికి సగం మన చరిత్రే!

ఆ మిగతా సగం గురించి ముందు రెండు ముక్కలు చెప్పేస్తాను. గిరాకీ పెంచే ఉపాయాల్లో అందరికీ తెలిసింది ఉచితం. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో సెలూన్లు ఉండేవి. సెలూనంటే క్షవరశాల కాదు, సారాకొట్టు. అక్కడ ఒక గ్లాసు కొనుక్కుంటే మధ్యాహ్నం భోజనం ఉచితం. 1889లో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లిన రచయిత కిప్లింగ్ ఈ వింత చూసి ముచ్చటపడి రాసుకున్నాడు. పుణ్యాత్ములు, ఎంత దయ అనుకుంటున్నారా? పెట్టేదేమిటో చూడండి. ఉప్పేసిన పంది మాంసం, ఉప్పు చేప, ఉప్పుగా ఉండే జున్ను. తిన్నవాడికి నాలుక పిడచకట్టుకుపోయి రెండో గ్లాసు, మూడో గ్లాసు అడగక తప్పదు. మన చీరలకొట్టువాడు "రెండు కొంటే ఒకటి ఫ్రీ" అన్నప్పుడల్లా నాకు ఆ ఉప్పు చేపే గుర్తుకొస్తుంది.

మన తెలుగుదేశంలో మాత్రం ఇలాంటి కుయుక్తులు కాదు, ఏకంగా వంటల జాబితాయే చదివి నోరూరించారు. వినుకొండ వల్లభరాయుడి పేరు మీదున్న క్రీడాభిరామంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. వాళ్లకు ఆకలేసినప్పుడు లక్ష్మణవజ్ఝల పూటకూటింటి మాట వస్తుంది. మంచి రకం బియ్యంతో అన్నం, గోధుమపిండి వంట, కమ్మటి నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, గడ్డపెరుగు, ఇన్నీ కలిపి ఒక్క రూకకే. హోటలు తరఫున తెలుగులో వచ్చిన తొలి ప్రకటన ఇదేనేమోనని నా అనుమానం. ధర కూడా చెప్పేశాడు చూడండి!

ఈ పూటకూళ్లిళ్లు మన దగ్గర చాలాకాలం నడిచాయి. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మను తెలియనివాళ్లెవరు? గిరీశాన్ని చీపురుకట్టతో వెతుక్కుంటూ వచ్చిన ఇల్లాలు. భర్త పోయి, వెనక ఆస్తి లేకపోతే ఆ రోజుల్లో ఆడదానికి మిగిలిన విద్య వంట. నలుగురికీ వండిపెట్టి నాలుగు డబ్బులు చేసుకునేది. అంతా బాగానే ఉంది గానీ, ఒక సంగతి ఆలోచించారా? ఆ పూటకూటింట్లో వండేది ఆడది, వడ్డించేది ఆడది, ఎంగిలాకులు తీసేది ఆడది. డబ్బిచ్చి పీట మీద కూర్చుని దర్జాగా భోంచేసేది మాత్రం మగవాడు. ఆడది ఆకలేసి ఇల్లు వదిలి వెళ్లి డబ్బిచ్చి తినడమన్నది ఎవరి ఊహలోనూ లేదు.

ఇది మన దేశపు తెలివితక్కువతనమే అనుకుంటే పొరపాటు. అమెరికాలో న్యూయార్క్ నగరంలో డెల్మోనికో అని మహా పేరున్న రెస్టారెంటు. 1868లో అక్కడ చార్లెస్ డికెన్స్‌కు పత్రికలవాళ్ల సంఘం విందు చేసింది. జేన్ క్రోలీ అనే ఆవిడ అప్పటికే పేరున్న పత్రికా రచయిత్రి. టిక్కెట్టు అడిగితే ఆడవాళ్లకు లేదు పొమ్మన్నారు. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. సొరోసిస్ అనే పేరుతో ఆడవాళ్ల సంఘం పెట్టి, డికెన్స్ విందు జరిగిన రెండో రోజుకల్లా అదే డెల్మోనికోలో, పక్కన మగతోడు లేకుండా, ఆడవాళ్లందరిచేతా భోజనం చేయించింది. హోటలువాళ్లు కాదనలేదు. బిల్లు కట్టే చేతికి గాజులుంటే వాళ్లకేం నష్టం?

ఈ కిటుకును వ్యాపారంగా మలిచినావిడ ఒకరున్నారు. నాకు ఆవిడంటే మహా ఇష్టం. స్కాట్లాండులో గ్లాస్గో నగరం, పేరు కేట్ క్రాన్‌స్టన్. గ్లాస్గో ఓడలు కట్టే ఊరు. డబ్బూ జాస్తి, తాగుడూ జాస్తి. మద్యపాన నిషేధం కావాలని ఊరేగింపులు తీసేవాళ్లు ఒక పక్క, మధ్యాహ్నం ఆకలేస్తే సారాకొట్టు తప్ప వేరే దిక్కులేని గుమాస్తాలు ఇంకో పక్క. ఈవిడ అన్నగారిది టీపొడి వ్యాపారం. పొడి రుచి చూడ్డానికి వచ్చినవాళ్లకు కూర్చునే చోటిచ్చి, కప్పుకింతని టీ అమ్మడం మొదలెట్టాడు. చెల్లెలు అది చూసి 1878లో తనే సొంతంగా ఒక టీ గది తెరిచింది. ఇరవై తొమ్మిదేళ్ల పెళ్లికాని పిల్ల వ్యాపారమేమిటని ఊరు బుగ్గలు నొక్కుకునే ఉంటుంది. తరవాత పెళ్లి చేసుకుంది కూడాను. అయినా బోర్డు మీద "మిస్ క్రాన్‌స్టన్" అన్న పేరు మార్చలేదు.

ఈవిడ చేసిందేమిటంటే, బజారుకొచ్చిన ఆడది కాళ్లు నొప్పులు పుడితే ఎక్కడ కూర్చుంటుంది అని ఆలోచించడం. అంతే. ఇంత చిన్న విషయం అంత పెద్ద ఊళ్లో ఎవరికీ తట్టలేదు! 1903లో సాకీహాల్ వీధిలో ఆవిడ తెరిచిన విల్లో టీ రూమ్స్ అంతా మెకింటాష్ అనే యువశిల్పి చేతి పని. కుర్చీల దగ్గర్నుంచి చెంచాల దాకా. పై అంతస్తులో ఆడవాళ్లకోసం ఒక గది కట్టారు. గోడలచుట్టూ అద్దాలు, వెండిరంగు వేసిన ఎత్తువీపు కుర్చీలు, ఊదారంగు మెత్తలు, వీధివైపు బారుగా కిటికీ. ఆ గదిలో టీకి మిగతా గదులకంటే ఒక పెన్నీ ఎక్కువ. ఆ పెన్నీ ఎందుకని ఎవరూ దెబ్బలాడలేదు. మరి కూర్చున్నంతసేపూ మహారాణిలా ఉంటుంది. పైగా వీధిలో పోయేవాళ్లు మనకు కనబడతారు, మనం వాళ్లకు కనబడతాం. దాక్కోనక్కర్లేదు!

మగవాళ్లకు కూడా అదే ఇంట్లో చుట్టలు కాల్చుకునే గది, బిలియర్డ్స్ గది కట్టించింది. అవి ఎక్కడో తెలుసునా? మేడ మీది మేడలో, అన్నిటికంటే పైన. పొగ కిందికి రాదు కదా. ఆవిడ గడుసుదనానికి నవ్వొచ్చింది. భర్త 1917లో పోయాక ఆవిడ వ్యాపారాలన్నీ అమ్మేసింది. ఆ విల్లో భవనాన్ని బాగుచేసి 2018లో మళ్లీ తెరిచారు.

లండన్‌లో ఇదే పని గొలుసు దుకాణాలు చేశాయి. 1864లో ఒక రొట్టెల కంపెనీ, తరవాత 1894లో పికడిల్లీలో మొదటి కొట్టు పెట్టిన లయన్స్ కంపెనీ. శుభ్రమైన బల్ల, చవక టీ, మర్యాదగల వడ్డన. ఆఫీసుల్లో టైపు కొట్టే అమ్మాయిలు అప్పుడప్పుడే బయటికొస్తున్న రోజులు. వాళ్లకు మధ్యాహ్నం ఇంత రొట్టెముక్క తినే చోటు దొరికింది. (అన్నట్టు ఈ లయన్స్‌వాళ్లే 1951లో తమ బేకరీ లెక్కలు చూసుకోడానికి ఒక కంప్యూటర్ తయారుచేసుకున్నారు. వ్యాపారపు లెక్కలు కట్టిన మొదటి కంప్యూటర్ టీకొట్టువాళ్లదంటే ఎవరైనా నమ్ముతారా!)

ఆ టీకొట్లలో ఇంకొకటి దొరికింది. దాన్ని గురించి రాయనా వద్దా అని కాసేపు తటపటాయించాను. రాయకపోతే అసలు సంగతి వదిలేసినట్టవుతుంది. ఆడవాళ్లకు మరుగుదొడ్డి. ఆ రోజుల్లో లండన్ వీధుల్లో మగవాళ్లకు కట్టించారు, ఆడవాళ్లకు లేవన్నట్టే లెక్క. 1900 ప్రాంతంలో కామ్డెన్ పేటలో ఒకటి కట్టిద్దామని బెర్నార్డ్ షా సభ్యుడిగా ఉన్న స్థానిక సంఘంలో చర్చ వస్తే పెద్దమనుషులు చెవులు మూసుకున్నారట. రోడ్డుకు అడ్డమో కాదో చూద్దామని ఒక కొయ్యబొమ్మ నిలబెడితే, గుర్రపుబళ్లవాళ్లు పనిగట్టుకుని దాన్ని మళ్లీమళ్లీ గుద్దేశారు, "చూశారా, అడ్డమే" అనిపించడానికి.

పొద్దున్న బస్సెక్కే ముందు మా అమ్మ మంచినీళ్లు తాగేది కాదు. ఏలూరు నుంచి మా మేనమామగారి ఊరు చేరేదాకా పెదవులు తడుపుకోవడమే. పిల్లలం సోడాలు తాగుతుంటే "నాకు దాహం లేదర్రా" అనేది. దాహం లేకపోవడమేమిటి! ఏ ఇంటి ఆడవాళ్లనడిగినా ఇదే కథ చెబుతారు. అందుకే ఆ లండన్ టీకొట్టు యజమానికి నేను లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాను. వాడు లాభం కోసమే చేశాడు. చెయ్యనీండి. మునిసిపాలిటీ ధర్మం కోసం కూడా చెయ్యలేదు కదా. రోజంతా బజార్లో ఉండగలిగిన ఆడది ఇంకో రెండు కొట్లు చూస్తుంది, ఒక ఉపన్యాసం వింటుంది, వోటు హక్కు కావాలనే సభకు వెళుతుంది. అవన్నీ నిజంగా జరిగాయి. ఆ వోటు ఉద్యమం ఆడవాళ్లు చాలాసార్లు సమావేశమైంది టీకొట్లలోనే.

ఇక ఆడవాళ్లను పిలవడం కాక, ఆడవాళ్లనే ఎరగా పెట్టినవాడి కథ. ఫ్రెడ్ హార్వీ అనే ఇంగ్లీషువాడు అమెరికా వలసపోయి, శాంటాఫే రైలు కంపెనీతో ఒప్పందం చేసుకుని 1876లో టొపీకా స్టేషన్లో భోజనశాల పెట్టాడు. అప్పటిదాకా రైలు భోజనమంటే రాయిలాంటి రొట్టె, నిన్నటి కాఫీ. ఇతను తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు, వెండి చెంచాలు పెట్టాడు. రైలు ఇంకా దూరంలో ఉండగానే ఎందరు తింటారో లెక్క తీసి తంతి కొట్టించేవాడు. బండి ఆగే ముప్పై నిమిషాల్లో వడ్డన, భోజనం, అన్నీ. మన పెళ్లి పంతుళ్లు ఇతని దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

1883లో న్యూమెక్సికోలో రాటన్ అనే ఊళ్లో సర్వర్లు తాగి తన్నుకుంటుంటే అందర్నీ తీసేసి, పత్రికల్లో ప్రకటన ఇచ్చి పద్ధెనిమిదికీ ముప్పైకీ మధ్య వయసున్న, మంచి నడవడి గల అమ్మాయిల్ని తెప్పించాడు. నల్ల గౌను, తెల్ల ఏప్రను. నెలకు 17.50 డాలర్ల జీతం, తిండీ బసా ఉచితం, పైన టిప్పులు. రాత్రి ఇంతలోగా హాస్టలుకు చేరాలి, కాపలాకు ఒక పెద్దావిడ. ఒప్పందం ముగిసేదాకా పెళ్లి చేసుకోకూడదు. ఆడవాసన లేని ఆ ఎడారి ఊళ్లలో గనుల పనివాళ్లు, పశువుల కాపర్లు తల దువ్వుకుని, కోటు తొడుక్కుని భోజనానికి రావడం మొదలెట్టారు.

నాకు ఇది చదువుతుంటే ఒళ్లు మండిన మాట నిజం. పలావుతోపాటు పిల్లను కూడా చూపించి పిలుస్తాడా అని. కానీ ఆ పిల్లల వైపునుంచి చూడండి. తండ్రి పొలంలో జీతం లేని చాకిరీ, ఆ తరవాత మొగుడి పొలంలో అదే చాకిరీ. అలాంటిది రైలెక్కి వెయ్యి మైళ్లు వెళ్లి, తన చేత్తో సంపాదించి, ఇంటికి మనియార్డరు పంపింది. కావాలనుకుంటే అక్కడే ఎవణ్ణో తనే ఎంచుకుని పెళ్లాడింది. ఎరగా వేసిన పిల్ల గాలం తెంపుకుని ఈదుకుంటూ పోయిందన్నమాట. 1946లో జూడీ గార్లండ్‌తో వీళ్లమీద సినిమా కూడా తీశారు, పాటలతో సహా.

మన దగ్గరకొద్దాం. కాఫీ హోటళ్లు వచ్చిన కొత్తలో మన ఇళ్లలో అభ్యంతరం రెండు రకాలు. ఒకటి మైల. ఎవరు వండారో, ఏం ముట్టుకున్నారో. దానికి హోటలువాళ్లు వేసిన మంత్రం బోర్డు మీద "బ్రాహ్మణ" అన్న మాట. ఒకరికి అది ఆహ్వానం, ఇంకొకరికి గుమ్మానికి తాళం. 1957లో మద్రాసులో ఒక హోటలు బోర్డు మీది ఆ మాట తీసెయ్యాలని పెరియార్ అనుచరులు నెలల తరబడి పికెటింగ్ చేశారు, తీయించారు కూడా. బెంగుళూరులో ఇప్పుడు ఎమ్.టి.ఆర్. అని అందరూ పిలిచే హోటలు 1924లో మొదలైనప్పుడు దాని పేరు బ్రాహ్మణ కాఫీ క్లబ్బే. యజమాని యజ్ఞనారాయణ మయ్య 1951లో యూరపు వెళ్లి అక్కడి వంటశాలల శుభ్రత చూసి వచ్చి, గిన్నెలూ చెంచాలూ ఆవిరిపట్టే పద్ధతి పెట్టారు. వచ్చినవాళ్లను వంటింట్లోంచే నడిపించేవారు, మీ కళ్లతో మీరే చూసుకోండని. కులం పేరు చెప్పి నమ్మించడం కంటే ఇది ఎంత మేలు! వంటిల్లు చూస్తే ఇల్లాలిని చూడనక్కర్లేదని మా అమ్మమ్మ ఊరికే అనలేదు.

రెండో అభ్యంతరం మనం. ఆడపిల్ల హోటల్లో నలుగురిలో కూర్చుని తినడమేమిటి? దానికి కనిపెట్టిన మందే "ఫ్యామిలీ రూము కలదు". మీలో యాభై దాటినవాళ్లకు చెప్పక్కర్లేదు. హాలు చివర చెక్కతో అడ్డుకట్టిన గది, గుమ్మానికి ఎప్పుడో ఆకుపచ్చగా ఉండిన పరదా. నాన్నగారు ముందు నడుస్తారు, వెనక అమ్మ తలొంచుకుని, ఆ వెనక మేము. సర్వరు పరదా లాగేస్తాడు. లోపల ఉక్క. అటు హాల్లోంచి మగవాళ్ల నవ్వులు, ఇటు మేము గుసగుసగా మసాలా దోసె తినడం. దొంగతనంగా తింటున్నట్టే ఉండేది, అందుకే అంత రుచిగా ఉండేదేమో కూడా! అమ్మ పరదా వైపు వీపు పెట్టి కూర్చునేది. నాన్నగారు ఊళ్లో లేనప్పుడు మేమొక్కళ్లమే వెళితే? ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ వెయ్యలేదు. ఫ్యామిలీ రూములోకి ఫ్యామిలీ ఒక్కతే రాకూడదు.

ఇలాంటిదే కెనడాలోనూ ఉండేదని తెలిసి ఆశ్చర్యపోయాను. అక్కడి బీరు దుకాణాలకు 1920, 30ల నుంచి రెండు గుమ్మాలు. ఒకటి మగవాళ్లది. రెండోదాని మీద "స్త్రీలు, వారితో వచ్చినవారు" అని రాసుండేది. 1970ల దాకా ఆ గుమ్మాలు నడిచాయి. పరదా బదులు తలుపు, అంతే తేడా.

మొదట వేసుకున్న ప్రశ్న ఉండిపోయింది. బారువాడికి మనతో ఏం పని? దీనికి జవాబు 1965లో న్యూయార్క్‌లో అత్తరు సరుకులు అమ్ముకునే అలాన్ స్టిల్‌మన్ అనే కుర్రాడు చెప్పాడు. ఆ పేటనిండా విమానాల్లో పనిచేసే అమ్మాయిలూ, మోడళ్లూ. వాళ్లతో పరిచయం చేసుకోవాలంటే ఎలా అన్నది అతని దిగులు. తల్లి దగ్గర 5,000 డాలర్లు అప్పు తీసుకుని ఒక పాత బారు కొని, గోడలకు నీలంరంగు వేయించి, రంగుటద్దాల దీపాలు వేలాడదీసి, టి.జి.ఐ. ఫ్రైడేస్ అని పేరు పెట్టాడు. అమ్మాయిలు ధైర్యంగా అడుగుపెట్టేలా వెలుతురుగా, శుభ్రంగా ఉంచాడు. వాళ్లొచ్చారు. వాళ్లొచ్చారని తెలిసి మగపిల్లలు వీధి చివరిదాకా వరస కట్టారు. మనం గ్లాసు ముట్టుకోనక్కర్లేదండీ, వచ్చి కూర్చుంటే చాలు! తరవాత బారులన్నీ "లేడీస్ నైట్" అంటూ ఆడవాళ్లకు సగం ధర పెట్టాయి. ఈ వివక్ష ఏమిటని ఒక మగవాడు కోర్టుకెక్కితే 1985లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు అతన్ని సమర్థించింది కూడా.

మన దేశంలో సంగతి చూడండి. ఆడది బారులో పని చెయ్యకూడదని 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో ఒక సెక్షను. ఢిల్లీలో హోటలు మేనేజిమెంటు చదివి డిగ్రీ తెచ్చుకున్న ఆడపిల్లలకు కూడా అదే అడ్డం. 2007లో గానీ మన సుప్రీంకోర్టు అది చెల్లదని తేల్చలేదు. ఆడపిల్లలకు భద్రత కావాలంటే భద్రత కల్పించండి, ఉద్యోగం తీసెయ్యడమేమిటన్నది తీర్పు సారాంశం. బోర్డు మీద మాత్రం ఫ్యామిలీ ఎప్పటినుంచో ఉంది!

ఆడవాళ్లు లేకపోవడమే ఆకర్షణగా వ్యాపారం చేసిన బారు కూడా ఒకటుంది. న్యూయార్క్‌లోనే, మెక్‌సోర్లీస్ అని, నూరేళ్లు దాటిన బారు. మంచి బీరు, పచ్చి ఉల్లిపాయలు, ఆడవాళ్లు లేరు. ఇదీ వాళ్లు గొప్పగా చెప్పుకున్న మాట. 1939లో యజమాని పోతూ దాన్ని కూతురు డొరోతీకి రాసిపోయాడు. ఆడవాళ్లను రానివ్వనని ఆవిడ తండ్రికి మాటిచ్చింది. ఆ మాట ప్రకారం తన సొంత బారులోకి తను కూడా బారు తెరిచున్న వేళ అడుగుపెట్టేది కాదు. మొగుణ్ణి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, తలుపులు మూశాక వెళ్లి చూసుకునేది. సొంత ఇంట్లో దొంగలాగా! 1970లో నగరపాలకులు చట్టం చేసి తలుపులు తెరిపించారు. మొదటి ఆడమనిషిగా లోపలికి మీరే నడవండని కొడుకు అడిగినా ఆవిడ ఒప్పుకోలేదట, నాన్నకిచ్చిన మాట అని.

తలుపు తెరిచారు గానీ లోపల మరుగుదొడ్డి ఒక్కటే. ఆడవాళ్లకని వేరే ఒకటి కట్టించింది 1986లో. మధ్యలో పదహారేళ్లు.